సమాజం విన్న దగ్గు

సూరత్ నవాగామ్ తెలుగు నేత సమాజం ఆ ఆదివారం పొద్దుగాల పదింటికి అత్యవసరంగ కూడింది. ఎజెండల ఒక్కటే సంగతి ఉంది: బిజిలి దగ్గు.

నలభై మంది దాక వచ్చిన్రు. అందరు మగ్గాల కాడ ముప్పై ఏండ్లో, నలభై ఏండ్లో నిలవడ్డోళ్లే. అధ్యక్షుడు నరహరి సేటు మాట్లాడుతుంటె ఈ మూలకెంచి ఒకలు, ఆ మూలకెంచి ఒకలు దగ్గుతనే ఉన్నరు. ఒకలి దగ్గు ఆగంగనే ఇంకొకలు అందుకుంటాండ్రు. ఆఖరికి సేటుకు చిరాకు లేసింది. "జర దగ్గుడు ఆపుండ్రయ్యా, గుర్రం దగ్గు గురించి మాట్లాడుకుంటున్నం గద," అన్నడు. అందరు బుద్ధిగ నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నరు. ఈ ముచ్చట మాత్రం మినిట్స్ బుక్కుల ఎక్కలేదు.

బిజిలి అంటె పేరుకే మెరుపు. మనిషి భుజం ఎత్తు కూడ లేని తెల్ల పొట్టి గుర్రం, ఆడది. ఇరవై ఆరేండ్లుంటయి. పందొమ్మిదేండ్ల సంది నవాగామ్‌ల తెలుగోళ్ల పెండ్లి పిలగాడు ఎవ్వడైనా దాని మీద కూసోకుండ మండపానికి పోలేదు. మన ఊర్లల్ల గీ ఆచారం ఉండెనా అంటె లేదు. సూరత్ వచ్చినంక పక్క గల్లీ వాళ్లను చూసి నేర్చుకున్నది. కాకపోతె పక్కోళ్ల ఆచారాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటె మన మర్యాద ఏం గావాలె. అందుకని దానికి మనోళ్లు ఇంకో రెండు కట్టిన్రు. ఒకటి, పిలగాడు గుర్రమెక్కినంక ముందుగాల నరహరి సేటు మగ్గాల షెడ్డు ముంగట ఆగి, నడుస్తున్న మగ్గానికి మొక్కి కొబ్బరికాయ కొట్టిపియ్యాలె. ఆగిన మగ్గానికి మొక్కితె సంసారం కూడ అట్లనే ఆగుతదట. రెండోది, ఎక్కినోడు మండపం కాడనే దిగాలె. నడుమ దిగితె లగ్గం నడుమల్నే ఆగుతదట. ఎవరు చెప్పిన్రో తెల్వదు గాని పందొమ్మిదేండ్ల సంది ఇది వేదం.

ఆ పందొమ్మిదేండ్లల్ల ఒక్కసారే తప్పింది. ఆగయ్య తన కొడుకు పెండ్లికి గొప్పకు పోయి ఉధ్నా దిక్కు నుంచి పెద్ద గుర్రాన్ని తెచ్చిండు. బ్యాండు మోగంగనే అది పిలగాన్ని ఏసుకోని డిండోలి రైలు ఫాటక్ దాక ఉరికింది. పిలగాడు దొరికిండు గాని తలపాగ ఇప్పటిదాక దొరకలేదు. ఆనాటి సంది బిజిలి తప్ప ఇంకో గుర్రం పేరెత్తిన మొగోడు లేడు.

అసొంటి బిజిలి నెల సంది దగ్గుతాంది. ముక్కుపుటాలు ఇంతింత చేసి గాలి గుంజుతాంది. నమిలిన గడ్డి మింగకుండ ఉండలు ఉండలు చేసి కింద పడేస్తాంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. పద్దెనిమిది రోజులల్ల నరహరి సేటు కొడుకు ఓంప్రకాష్ లగ్గం. అత్యవసర సమావేశం ఎందుకైందో ఇగ చెప్పే పని లేదు.

"లగ్గం నాటికి నిలవడి నడిస్తె సరే," అన్నడు సేటు. "లేకుంటె నవ్‌సారి దిక్కు ఒక మడిసున్నడు, గుర్రమూ గుర్రాన్ని చూసుకునే మడిసీ కలిసి వస్తరు. దీన్ని తోలేద్దాం."

ఆఖరు వరుసల కూసున్న సోమలింగం నోటికి అడ్డం పెట్టిన తువ్వాల తీసిండు. బిజిలిని చూసుకునేది ఆయననే. సమాజం హాలు ఎనుక కొట్టం, కొట్టం పక్కన రేకుల గది. ఆ గదిల ఆయన, పెండ్లాం బాలవ్వ. గుర్రం ఉన్నన్ని రోజులే గది. సేటు షెడ్డుల ముప్పై ఐదేండ్లు మగ్గాలు నడిపి, ఛాతి పనికిరాకుండ అయినంక, "పాపం గుర్రం కాడ ఉండనియ్యుండ్రి," అని సేటే దయదలిచి ఇచ్చిండు. మంచోడే. తన షెడ్డుల చెడిపోయినదేదీ బయట పారెయ్యడు, ఇంకో తాన వాడుతడు.

మరునాడు పశువుల డాక్టర్ ఊర్మిళాబెన్ స్కూటర్ మీద వచ్చింది. బిజిలి నాలుకను పక్కకు పట్టి నోట్లె టార్చి కొట్టి చూసింది. కింద రెండు దవడపండ్లు లెవ్వు. ఉన్నవి అంచులు పదునెక్కి బుగ్గను చీరుతున్నయి. పెద్ద ఆకురాయి తీసి అంచులు రాకింది. అటెన్క పొట్ట మీద చెయ్యి పెట్టి ఊపిరి చూసింది. వదిలేటప్పుడు బిజిలి పొట్టను రెండుసార్లు ఎగేస్తాంది. ఆమె తలెత్తి కొట్టం గోడ చూసింది. గోడంత తెల్లగ నూలు పొట్టు పట్టి ఉంది. పైన సేటు షెడ్డు ఫ్యాన్ బర్రుమని తిరుగుతాంది. లోపటి దుమ్మునంత తెచ్చి సీదా బిజిలి మొఖాన కొడుతాంది.

"ఈ ఫ్యాన్ ఎవరు పెట్టిన్రు?" అని హిందీల అడిగింది.

అందరు పక్కనున్న సేటు దిక్కు చూసిన్రు. షెడ్డుల మనుషులు గాలాడక పడిపోతున్నరని పదకొండేండ్లు మొత్తుకుంటె పెట్టలేదు. నూలు పొట్టు బట్ట మీద పడి మాల్ వాపస్ వచ్చినప్పుడు రెండో రోజే పెట్టిన్రు. గిదంతా డాక్టరమ్మకు ఎందుకు.

ఆమె చీటీ రాసి అందరికి వినపడేటట్టు చదివింది. ఎండుగడ్డి బంద్. ఏది పెట్టినా నానబెట్టి పెట్టాలె. బార్లీ మెత్తగ ఉడికిచ్చి, గోధుమ పొట్టు తడిపి, నానిన శనగలు రుబ్బి, అన్ని కలిపి జావ లెక్క చెయ్యాలె. పచ్చగడ్డి అయితె ఏలెడంత ముక్కలు. ఒక్కపారే కాదు, రోజుకు ఆరు మాట్లు కొంచెం కొంచెం. తొట్టి నేల మీద పెట్టాలె, తల దించి తింటె ముక్కు సాఫ్ అయితది. నీళ్లు చల్లకుండ ఊడవద్దు. దుమ్ము అసలే వద్దు, ఫ్యాన్ తీసెయ్యుండ్రి.

"ఇగ చూడుండ్రి మన సమాజం పని," అని సేటు ఫోన్ తీసిండు. ఇరవై నిమిషాలల్ల మిస్త్రీ వచ్చిండు. గంటల ఫ్యాన్ మొఖం మారింది. కొట్టం దిక్కున్నది తీసి గల్లీ దిక్కు పెట్టిన్రు. గల్లీల ఏమున్నది, షెడ్డు పనోళ్లు డబ్బాలు ఇప్పుకొని తినే అరుగు ఉన్నది. గుర్రం లేదు గద.

డాక్టరమ్మ స్కూటర్ తీస్తుంటె సోమలింగం గేటు దాక ఎంబడి పోయిండు.

"బెన్, ఒక్క మాట. ఇదే రోగం ఇంకో జీవికి ఉంది. అరవై మూడేండ్లు. పండ్లు పైన నాలుగు, కింద మూడు. మెట్లెక్కితె పొట్ట ఎగేస్తది. దానికేం పెట్టాలె?"

ఊర్మిళాబెన్ ఆయన దిక్కు పైనుంచి కిందికి చూసింది. "కాకా, నేను జంతువుల డాక్టర్ని. నువ్వు మనుషుల డాక్టర్ కాడికి పో."

"పోయిన. గొట్టం మందు ఇచ్చిండు, పీలుస్తున్న. దుమ్ముల ఉండకు, మెత్తటి మంచి తిండి తిను అని చీటీ కూడ రాసిచ్చిండు. ఆ చీటీ సమాజానికి చూపెడితె ఎవ్వరు చదువలె. నీ చీటీ అయితె వింటరు."

ఆమె పెట్టుకోబోయిన హెల్మెట్ సీటు మీద పెట్టింది. "ఆ గొట్టం మందు ఆపకు," అన్నది. "తిండి అయితె బిజిలికి చెప్పిందే తిను. గుర్రానికి ఏసినంత పొట్టు వద్దు. ఉప్పేసుకో."

ఆనాటి సంది రేకుల గదిల ఒకటే పొయ్యి, ఒకటే గిన్నె. సమాజం బార్లీ బస్తా పంపింది, శనగలు పంపింది, బెల్లం కూడ పంపింది. బార్లీ పొద్దుగాల నాలుగింటికి పొయ్యెక్కేది. సోమలింగం చిన్నప్పుడు సిరిసిల్ల దిక్కు చేమగ్గం కాడ నూలుకు గంజి పెట్టిన మడిసి. గంజి పల్చనుంటె పోగు తెగుతది, చిక్కనుంటె అంటుకుంటది. ఏలు ముంచి చెప్పేటోడు. ఇప్పుడు బిజిలి జావల కూడ అట్లనే ఏలు ముంచి, ఉండ తగిలితె పిసికి, నీళ్లు పోసి, మళ్ల ముంచి చూసేటోడు. అటెన్క తొట్టి నేల మీద పెట్టి, పక్కన గొంతుకూసుండి, పిడికెడు పిడికెడు నోటికి అందిచ్చేటోడు. అది మింగినంక, గొంతు కదిలిందని కండ్లార చూసినంకనే రెండో పిడికిలి. ఒక్క మాటుకు గంట పట్టేది.

ఉప్పేసిన జావ ఆయన గిన్నెల పోసుకుంట బాలవ్వ నవ్వేది. "నా లగ్గమప్పుడు నా మొగడు గుర్రమెక్కి వస్తడని మా అవ్వ ఆశపడ్డది. గుర్రం పొత్తుల బువ్వ తింటడని అనుకోలె."

"నీకు కుళ్లు గాకపోతె, గుర్రం ఒక్క మాటన్న అనదు నన్ను," అన్నడు సోమలింగం. కాని ఆయనకు లోపట మస్తు భయముండె. రాత్రి పండుకుంటె గోడ అవతలి దగ్గు వినుకుంట ఉండేటోడు. బిజిలి పోతె ఈ వయసుల బాలవ్వను పట్టుకొని యాడికి పోవాలె, ఊర్ల ఇల్లు కూలి పదేండ్లాయె. దాని దగ్గు ఆగితె పాణం జల్లుమనేది, మళ్ల దగ్గితె పాణం కుదుటపడేది.

నాలుగో రోజు ఆగయ్య వచ్చిండు, బిజిలిని పరామర్శించనీకి. వచ్చుడు సరిగ్గ దాణా పెట్టే యాళ్లకు వచ్చిండు. ఐదో రోజు తనతోని మగ్గాలు నడిపే మల్లేష్‌ను ఎంటబెట్టుకొని వచ్చిండు. ఆరో రోజు పరామర్శకు వచ్చినోళ్ల అంగీ జేబులల్ల చెంచాలున్నయి. ఇద్దరికీ పండ్లు అంతంతే, ఇద్దరికీ ఛాతి అంతంతే. బాలవ్వ పెద్ద గిన్నె పెట్టింది. ఎనిమిదో రోజుకు ఐదుగురు మగ్గపోళ్లు బిజిలి తొట్టి సుట్టు వరుసగ కూసుండి, అది ఒక ముద్ద మింగితె వీళ్లొక చెంచా మింగుతున్నరు. ఎవ్వరు తొందరపడొద్దని డాక్టరమ్మ చెప్పింది గద.

గప్పుడే నరహరి సేటు తనిఖీకి వచ్చిండు.

"ఏంది గిది? గుర్రం దాణా మీరు తింటున్నరా?"

ఆగయ్య చెంచా నోట్లెకెంచి తీసి నెమ్మదిగ చెప్పిండు. "తింటలేం సేటు, చూస్తున్నం. బార్లీల రాళ్లుంటయి. గుర్రం పండ్లకు తగిలితె లగ్గం ఎట్ల?"

"రాళ్లు చూసేతందుకు ఐదుగురా?"

"సమాజం గుర్రమాయె. ఒక్కడే చూస్తె మాట వస్తది."

సేటు ఆలోచన చేసిండు. ఆయన సమాజం అనే మాటకు కట్టుబడ్డ మడిసి. అయినా సోమలింగం దిక్కు ఏలు చూపి, "లగ్గం దాక ఏమనను. ఆనాడు అది గల్లీ దాటి మండపం చేరకపోతె, తెల్లారి నీ గది ఖాళీ," అని పోయిండు. సోమలింగం గిన్నె కింద పెట్టిండు. ఆ పూట మళ్ల ముట్టలేదు.

పన్నెండో రోజుకు బిజిలి కింద ఉమ్ముడు ఆపింది. పదిహేనో రోజుకు పొట్ట ఎగేసుడు తగ్గింది. పదిహేడో రోజు సోమలింగం హాలు సుట్టు రెండు తిప్పులు తిప్పితె దగ్గలేదు. ఆ సంబురంల ఆయన కూడ దగ్గకుండ మూడు మెట్లెక్కిండు.

లగ్గం నాడు బిజిలికి ఎర్ర జీను, నుదుటి మీద అద్దాల పట్టీ కట్టిన్రు. పెండ్లి పిలగాని అక్కచెల్లె ఎవరైనా గుర్రానికి శనగలు తినిపిచ్చి పంపాలె. సేటు వెండి పళ్లెంల గట్టి శనగపప్పు పోయిచ్చిండు, వీడియోల పచ్చగ కనపడాలని. సోమలింగం నానబెట్టి రుబ్బిన ముద్ద తెచ్చి ఆ పళ్లెం పక్కన నిలవడ్డడు. సేటు బిడ్డ సంధ్యారాణి పుట్టిందీ పెరిగిందీ సూరత్‌లనే. ఆమె పళ్లెం చూసింది, ముద్ద చూసింది.

"పప్పా, ఘోడీకి దాంత్ ఎక్కడున్నయి? గొంతుల ఇరికి అటక్ అయితె? తాత రుబ్బింది పెడ్త."

"వీడియోల పేడ లెక్క కొడుతది బిడ్డా."

"కొట్టనీ," అన్నది సంధ్యారాణి. ముద్ద చేతుల పట్టుకొని, సోమలింగం చూపెట్టినట్టు తల కిందికి దించి తినిపిచ్చింది. బిజిలి ముద్ద సాఫ్ చేసి చేతిని కూడ నాకింది. ఓంప్రకాష్ ఎక్కిండు. బ్యాండు మోగింది. సోమలింగం కళ్లెం పట్టిండు, బాలవ్వ ఎనుక నీళ్ల బకెట్ పట్టింది. మూడువందల మంది ఎంబడి నడిచిన్రు.

సేటు షెడ్డు గల్లీ మలుపు దాక మంచిగనే నడిచింది. మలుపు కాడ బిజిలి ఆగింది. చెవులు ఎనుకకు వాల్చింది. ముక్కుపుటాలు ఇంతింత చేసి ఒక్క దగ్గు దగ్గింది, పైన ఓంప్రకాష్ కిరీటం కండ్ల మీదికి జారింది. గల్లీల తెల్లగ మంచు పట్టినట్టు ఉంది. కొడుకు లగ్గం నాడు కూడ సేటు ఇరవై నాలుగు మగ్గాలు నడిపిస్తున్నడు. నడుస్తున్న మగ్గానికే మొక్కాలె గద. కొట్టం దిక్కుకెంచి తీసిన ఫ్యాన్ సరిగ్గ గల్లీ మీద పొట్టు పోస్తాంది.

సోమలింగం మెడ నిమిరిండు, బతిమిలాడిండు. ఒక్క అడుగు ఎయ్యలేదు. లగ్గం చెయ్యవచ్చిన అయ్యగారు గడియారం చూసి, "ముహూర్తం పదకొండు గంటల పన్నెండు నిమిషాలకు. ఇంక ఇరవై నిమిషాలున్నది," అన్నడు.

"సేటు, మగ్గాలు బంద్ చేపియ్యి," అన్నడు సోమలింగం.

"ఆగిన మగ్గానికి నా కొడుకు మొక్కుతడా?"

"అయితె పిలగాన్ని దించి నడిపిద్దాం."

"నడుమల దించుతవా? నోరెట్ల వచ్చిందిరా నీకు," అని సేటు మీదికొచ్చిండు. సుట్టాలు గుసగుసలు మొదలుపెట్టిన్రు. నవ్‌సారి గుర్రం తెచ్చిపిస్తె అయిపోయేది గద అని ఎవరో అన్నరు. సోమలింగానికి రేకుల గది కండ్ల ముంగట తిరిగింది. బాలవ్వ దిక్కు చూసిండు. ఆమె చేతుల బకెట్ ఉంది.

పద్దెనిమిది రోజుల సంది ఆయన చేస్తున్నది ఒకటే పని. పొడిగున్నది తడుపుడు.

"సేటు, ఆ శాలువ ఇటియ్యి."

పొద్దుగాలనే ఆడపిల్లవాళ్లు సన్మానం చేసి సేటు భుజాన కప్పిన ముదురెర్ర శాలువ అది. జరీ అంచుది. సేటు రెండు చేతులతోని గట్టిగ పట్టుకున్నడు. అయ్యగారు, "పదిహేడు నిమిషాలు," అన్నడు. సేటు వదిలిండు.

సోమలింగం శాలువను బిజిలి నీళ్ల బకెట్‌ల ముంచి పిండిండు. ఆగయ్య, మల్లేష్ అరుగెక్కి దాన్ని ఫ్యాన్ మూతికి అడ్డం కట్టిన్రు. లోపట మగ్గాలు నడుస్తనే ఉన్నయి, బయట గాలి తేటబడ్డది. బాలవ్వ గల్లీ పొడుగూత నీళ్లు చల్లింది. ఐదు నిమిషాలు ఆగిన్రు. బిజిలి ముక్కు చాపి చూసింది, తల దులిపింది, కదిలింది. మగ్గాల చప్పుడుకు ఓంప్రకాష్ మొక్కిండు. కొబ్బరికాయ పగిలింది.

కాని కొబ్బరికాయను చూసినోడు లేడు. అందరు తలలెత్తి శాలువను చూస్తున్నరు. అది ఇప్పుడు ఎర్రగ లేదు. తెల్లటి పొట్టు ఏలు మందం పేరుకపోయి, గొర్రె తోలు ఆరేసినట్టు ఏలాడుతాంది. వీడియో పిలగాడు దాన్నే దగ్గరికి గుంజి తీస్తున్నడు. ఆడపిల్లవాళ్ల పెద్దమనిషి, "గదేంది బావా?" అని సేటును అడిగిండు.

సోమలింగం కళ్లెం వదలకుండనే చెప్పిండు.

"అది ఐదు నిమిషాలది సేటు. నేను ముప్పై ఐదేండ్లు పీల్చిన."

కోపంగ చెప్పలేదు. జావల ఏలు ముంచి చిక్కగుందో పల్చగుందో చెప్పినట్టే చెప్పిండు. షెడ్డు తలుపు కాడ నిలవడ్డ పనోళ్లు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. బ్యాండోళ్లకు ఏం చెయ్యాల్నో తోచక మళ్ల మొదలుపెట్టిన్రు. బిజిలి పదకొండు తొమ్మిదికి మండపం చేరింది. లగ్గమైంది.

ఆ తర్వాతి ఆదివారం సమాజం మళ్ల కూడింది. తీర్మానం నరహరి సేటే చదివిండు: బిజిలి నడిచే గల్లీ గనుక, బిజిలి ఆరోగ్యం దృష్ట్యా, ఫ్యాన్ మూతికి డబ్బా కట్టి, తడి గోనెపట్ట ఏసి, రోజుకు నాలుగు మాట్లు తడపాలె. షెడ్డు లోపట కూడ నీళ్లు చల్లినంకనే ఊడవాలె. బార్లీ బస్తా నెల నెల రావాలె. రాళ్లు చూసేటోళ్లకు చెంచాలు సమాజమే ఇయ్యాలె.

మల్లేష్ లేసి నిలవడ్డడు. "సేటు, 'బిజిలి ఆరోగ్యం, పనోళ్ల ఆరోగ్యం' అని రాస్తె బాగుంటది."

"రెండు కారణాలు ఎందుకయ్యా, ఒక్కటి చాలు," అన్నడు సేటు. "గుర్రమని రాస్తె మిగతా షెడ్ల సేట్లు కూడ కిక్కురుమనరు. పనోళ్లని రాస్తె ఒక్కడు సంతకం పెట్టడు." అది మాత్రం నిజమే చెప్పిండు. తీర్మానం కింద ఇంకో గీత కూడ రాపిచ్చిండు: ఈ ఏర్పాటు బిజిలి ఉన్నంత కాలమే.

అందరు చప్పట్లు కొట్టిన్రు. అటెన్క ఆ ఆఖరు గీత ఒక్కొక్కరికి మెల్లగ అర్థమైంది. చప్పట్లు ఆగిపోయినయి.

తెల్లారి నాలుగింటికి సోమలింగం తలుపు తీసేసరికి కొట్టం ముంగట పదిహేను మంది ఉన్నరు. ఒకలు బార్లీ కడుగుతున్నరు, ఒకలు పచ్చగడ్డి ఏలెడంత కోస్తున్నరు, ఒకలు నీళ్లు చల్లి ఊడుస్తున్నరు. పాండేసర మిల్లులకు ఫస్ట్ షిఫ్ట్ పోయేటోళ్లు కూడ సైకిళ్లు ఆపి, "ఎట్లుంది? తిన్నదా? రాత్రి దగ్గిందా?" అని అడిగి పోతున్నరు. తమ అవ్వను కూడ గంతగనం అడగలేదు ఎన్నడు.

సోమలింగం జావల ఏలు ముంచి చూసిండు. తొట్టి నేల మీద పెట్టి గొంతుకూసున్నడు. ఆ పూట బిజిలి మొదటి ముద్ద మూతికి ఆనిచ్చుకొని ఊకున్నది. నమలలేదు. సోమలింగం చెయ్యి తియ్యకుండ అట్లనే పట్టిండు. ఎనుక చీపురు చప్పుడు ఆగింది, కొడవలి చప్పుడు ఆగింది.

"తిను బిడ్డా," అన్నడు సోమలింగం. "నీకు నూరేండ్లు పడాలె. మా గాలంత నీ పేరు మీద రాసిపెట్టిన్రు."

బిజిలికి తొందర లేదు. అరిగిన దవడలు అటొకసారి, ఇటొకసారి ఆడిచ్చింది. కొద్దిసేపటికి గొంతు కదిలింది. అప్పుడు ఆ పదిహేను మందీ ఊపిరి వదిలిన్రు.